సందేహం తిరిగొచ్చే దారి

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో బడి పాఠాలు మొదలయ్యాయి. స్మార్ట్‌ఫోను లేని ఇంట్లోనూ టీవీ ఉండే పల్లెలకు అది మంచి నిర్ణయమే. కానీ పిల్లవాడి సందేహం టీవీలోంచి వెనక్కి రాదు. ఆ దారి టీచర్లే వర్క్‌షీట్లతో, ఫోన్లతో వేసుకున్నారు. ఆన్‌లైన్ కోర్సు రాయడానికి కూర్చున్నప్పుడల్లా నేను ముందు చూసుకునేది ఆ తిరుగుదారినే.

జూమ్‌లో చెబుదామా, రికార్డు చేసి పెడదామా అన్న చర్చ తర్వాతిది. నేర్చుకునే మనిషి ఏం చేయగలగాలి, ఏ వేళకు తీరిక దొరుకుతుంది అన్నవి తేలితే సగం పని అయిపోతుంది. మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే అమ్మాయికి లూప్‌ల గురించి గంటసేపు చెప్పి లాభం లేదు. ఆమె నాలుగు వరుసల కోడ్ రాయాలి, అది తప్పని కంప్యూటర్ చెప్పాలి, ఎందుకు తప్పిందో తనే వెతుక్కోవాలి. చేవెళ్ల పూల రైతుకు డ్రిప్‌లో ఎరువు ఇవ్వడం నేర్పాలంటే లెక్క వేరు. తెల్లవారుజామున ఆయన గుడిమల్కాపూర్ మార్కెట్లో ఉంటాడు, అప్పుడు లైవ్ క్లాసు పెడితే ఎవరికోసం? చిన్న వీడియో పంపి, తన తోటలోని ఫిల్టర్ ఫొటో తీసి పెట్టమంటే చాలు. ఆ ఫొటో చూశాకే నా తర్వాతి పాఠం ఏమిటో తెలుస్తుంది.

వీడియో ఎందుకు చిన్నదంటే, ఎడ్‌ఎక్స్ ఆన్‌లైన్ కోర్సుల మీద పరిశోధకుడు ఫిలిప్ గువో బృందం 2014లో చేసిన పరిశీలనలో, వీడియో ఎంత పొడవున్నా చూసేవాళ్ల శ్రద్ధ సాధారణంగా ఆరు నిమిషాలు దాటలేదు. అయితే చిన్నగా చెప్పినంత మాత్రాన గుర్తుండిపోదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో చూపించింది నాకు అంతకంటే ముఖ్యం. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాతి పరీక్షలో ముందున్నారు. వారం గడిచాక మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లే బాగా ముందున్నారు. అందుకే ప్రతి వీడియో తర్వాత ఒక ప్రశ్న పెట్టి, జవాబు వాయిస్ మెసేజ్‌లో అడుగుతాను. క్లాసులో కెమెరా ఆపేసి నోరు విప్పని పిల్లలు అందులో తమ యాసలో ధైర్యంగా మాట్లాడతారు. ఎక్కడ తడబడ్డారో గొంతులోనే దొరికిపోతుంది. ఆబ్జెక్టివ్ పరీక్ష ఈ పని చేయలేదు.

1982లో పుట్టిన మన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, దేశంలో మొదటిది, అచ్చు పాఠాలతో సరిపెట్టకుండా అధ్యయన కేంద్రాలూ నడిపింది. చదువుకునేవాళ్లు ఎదురుగా కూర్చుని అడిగే చోటు ఉండాలన్న ఆ పట్టుదల ఆన్‌లైన్‌కూ కావాలి. లైవ్ గంటలో నేను కొత్త పాఠం చెప్పను. ఆ వారం వచ్చిన వాయిస్ మెసేజ్‌లలోని తడబాట్లే అప్పటి పాఠం.