వెనక సీటు మౌనం

గురుగ్రామ్‌లో, గ్రేటర్ నోయిడాలో పైలట్లకు సిమ్యులేటర్లున్నాయి. కెప్టెన్, కో-పైలట్ ముందు, శిక్షకుడు వెనక. పాఠం మొదలయ్యాక అతను ఇంజిన్‌కు నిప్పంటిస్తాడు, వాన కురిపిస్తాడు, కంట్రోల్ టవర్ (ఏటీసీ) గొంతుతో బదులిస్తాడు. శిక్షకుడిగా మాత్రం నోరు విప్పడు. కెప్టెన్ పక్కవాడి మాట తోసేసి తప్పుదారి పట్టినా ఆపడు. నాకెంతో ముచ్చటేసే నిగ్రహం అది. తప్పు చివరిదాకా సాగితేనే తన చెవి ఎక్కడ మూతపడిందో కెప్టెన్‌కు తెలుస్తుంది.

ఈ వినే విద్య ప్రాణాలు పోయాక పుట్టింది. 1977లో టెనెరిఫే పొగమంచులో రెండు జంబోలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుటి విమానం రన్‌వే దాటిందా అని ఫ్లైట్ ఇంజినీర్ అడిగితే, దాటిందని గట్టిగా చెప్పి కేఎల్‌ఎం కెప్టెన్ ముందుకే వెళ్ళాడు. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు వినడం నేర్పసాగింది. ఢిల్లీలోని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా ఈ శిక్షణను తప్పనిసరి చేసింది. అయినా 2010 మే 22న మంగళూరులో కో-పైలట్ ‘గో అరౌండ్’ (దిగకుండా మళ్ళీ పైకి లేద్దాం) అని పదేపదే అన్నా కెప్టెన్ విమానాన్ని దింపాడు. 158 మంది పోయారు.

"సార్, కాస్త ఎత్తులో ఉన్నామేమో" అంటే మర్యాదే, కానీ కాక్‌పిట్‌లో ఆ ‘ఏమో’ ఎవరికీ వినపడదు. అందుకే కో-పైలట్ మాటకు మెట్లు కట్టారు: ముందు అడగాలి, తర్వాత హెచ్చరించాలి, ఆపైన ఎదురు చెప్పాలి, ఇక తప్పదంటే కంట్రోల్స్ అందుకోవాలి.

కెప్టెన్‌కు నేర్పేది ఇంకా సున్నితమైన పని. తన నిర్ణయం బయటపెట్టక ముందే "నీకేమనిపిస్తోంది?" అనాలి. ముందే చెప్పేస్తే పక్కవాడు "అవును సార్" అనేస్తాడు. కెప్టెన్ అధికారం పిసరంతైనా తగ్గించరు, మొండితనాన్ని విరిచేయరు. అది అక్కరకొచ్చే రోజులూ ఉంటాయి మరి. పాఠమయ్యాక శిక్షకుడు తప్పులు ఏకరువు పెట్టడు. రికార్డింగ్ వెనక్కి తిప్పి, "ఇక్కడ ఆయనేమన్నారు?" అని అడిగి ఊరుకుంటాడు. ఆ ప్రశ్నలో దెప్పిపొడుపు లేకపోవడమే పనితనం.

1989 జులై 19న యునైటెడ్ 232 విమానంలో దాన్ని అదుపుచేసే హైడ్రాలిక్స్ మొత్తం పోయాయి. కెప్టెన్ ఆల్ హేన్స్‌కు అనుభవానికి కొదవలేదు. అయినా ప్రయాణికుల్లో ఉన్న శిక్షక పైలట్ డెనిస్ ఫిచ్ సాయం చేస్తానంటే లోపలికి రమ్మన్నాడు. 296 మందిలో 184 మంది బతికారు. ఆ రోజు ఫిచ్ రెండు సీట్ల మధ్య నేలమీద మోకాళ్ళూని, రెండు చేతులతో థ్రాటిల్స్ పట్టుకున్నాడు. ఎటు తిప్పాలో హేన్స్ చెబుతూ వచ్చాడు.