సకినాలకు ఎన్ని చేతులు

సంక్రాంతికి వారం ముందు మా వైపు పిండిగిర్నీ దగ్గర మనుషులకంటే ముందు గిన్నెలు వరుస కడతాయి. నానబెట్టి వడకట్టిన బియ్యం నింపిన స్టీలు డబ్బాలు, బకెట్లు, పైన తడిగుడ్డ కప్పిన తట్టలు. గోధుమలు తెచ్చినవాళ్ళను గిర్నీ ఆయన రేపు రమ్మంటాడు. ఆ పూటంతా సకినాల తడిబియ్యమే. పిండి పట్టించుకున్నవాళ్ళు కూడా ముచ్చట్లకు ఆగరు, గబగబా ఇంటిదారి పడతారు. ఆ పిండికి ఆయుష్షు ఒక్క పూటే మరి. గాలి తగిలితే ఆరిపోతుంది, రాత్రి దాటితే పులుస్తుంది.

ఇంటినిండా చుట్టాలు దిగినప్పుడు చేతికి ఏం అందించాలన్నది ఇవాళ చాలా ఇళ్ళలో ఫోన్‌లో తేలిపోయే లెక్క. మనిషికి రెండు సమోసాలు, రెండు కట్‌లెట్లు, నాలుగు పనీర్ ముక్కలు. ముప్పై మంది దాటారంటే ఆ బిల్లు అసలు భోజనంతో పోటీకి దిగుతుంది. బియ్యప్పిండి తీగను వేళ్ళతో చుట్టి నూనెలో కాల్చే సకినాలను ఇదే లెక్కలో పెట్టి చూడండి. బియ్యం, నువ్వులు, ఓమ, ఉప్పు, నూనె. ఆరో సరుకు లేదు. ఓమ అంటే కోస్తావాళ్ళ వామే. కిలో బియ్యానికి 150 నుంచి 250 గ్రాముల నువ్వులు, రెండు మూడు చెంచాల ఓమ పడతాయి. మధ్యరకం సకినాలు 50కి తగ్గకుండా వస్తాయి. సరిగ్గా కాలితే రెండు వారాల దాకా కరకర తగ్గదు. ఫ్రిజ్ అక్కర్లేదు, మళ్ళీ వేడిచేసే పని లేదు. తొక్కు పక్కన పెడితే నంజుకుంటారు, లేకపోతే చాయ్‌లో ముంచుకుంటారు.

ఆ బియ్యం కూడా పండుగనాటికి చవకగా చేతికొచ్చేదే. వానాకాలం వరి కోతలయ్యి, వడ్లు ఇల్లు చేరి అప్పటికి కొన్ని వారాలే. కొత్తబియ్యంతో అన్నం వండితే ముద్దవుతుంది, ఇంట్లో అందరూ మొహం చిట్లిస్తారు. పిండివంటకు మాత్రం ఆ జిగటే కావాలి.

అయితే దుకాణంలో కిలో సకినాల ధర అడిగితే గుండె జల్లుమంటుంది. బియ్యం ధరకు ఎన్నో రెట్లు. దుకాణదారు మోసమేమీ చెయ్యడం లేదు. మురుకులకు గిద్దె ఉంది, కారప్పూసకు అచ్చు ఉంది. సకినాన్ని మాత్రం ఒక్కొక్కటిగా ఒక మనిషి కూర్చుని వేళ్ళతో చుట్టాలి, ఆ మనిషికి కూలి కట్టాలి. ఊళ్ళలో ఈ కూలిని డబ్బుతో కట్టేవారు కాదు. నాట్లకు, కలుపులకు బదులు వెళ్ళినట్టే సకినాలకూ బదులు వెళ్ళేవారు. ఇవాళ మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో, ఎల్లుండి ఆ చివరింట్లో. సకినం చవక వంట ఎందుకయిందంటే దాని సరుకు చవకయినందుకు కొంత, చేతులు అరువు దొరికినందుకు చాలా.

ఆ చేతులు చేసే పనేమిటో చెబుతాను. నాకిది ఆలస్యంగా పట్టుబడింది. మగపిల్లవాణ్ణి గనక గిర్నీకి మొయ్యడం, గిర్నీ నుంచి మొయ్యడం నా వంతు. చుట్టే గుడ్డ దగ్గరకు నన్ను రానిచ్చింది మా పెద్దమ్మ ఒక్కతే, అదీ మీసాలు వచ్చాక.

బియ్యం రాత్రి నానాలి. పొద్దున కడిగి, నీళ్ళు ఓడ్చి, గుడ్డ మీద నీడన పరుస్తారు. ఎండలో కాదు. గింజను రెండు వేళ్ళ మధ్య నలిపితే పొడవ్వాలి, చెమ్మ మాత్రం వేలికి తెలియాలి. అప్పుడే గిర్నీకి. రోళ్ళ కాలంలో ఇదే అదనులో దంచి, జల్లెడ పట్టి, మిగిలిన రవ్వను మళ్ళీ దంచేవారు. పొట్లం బియ్యప్పిండితో సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. హైదరాబాద్‌లో ఒంటరిగా ఉన్న రోజుల్లో ఒక సంక్రాంతికి రెండు పొట్లాలు తెచ్చి కలిపాను. తీగ సాగలేదు, అడుగడుక్కీ తెగింది. ఎలాగో చుట్టినవి నూనెలో విడిపోయాయి, విడిపోనివి పన్నుకు లొంగలేదు. ఫోన్ చేస్తే పెద్దమ్మ నవ్వి, "ఎండు పిండితోని సకినాలు గావు బిడ్డా, గులకరాళ్ళయితయ్" అంది.

ఆమె మాటలో శాస్త్రం ఉంది. పొడిబియ్యం మరలో నలిగేటప్పుడు వేడి పుడుతుంది, ఆ ఒత్తిడికి పిండిరేణువులు చితికిపోతాయి. చితికిన రేణువు నీళ్ళను ఎక్కువగా పీలుస్తుంది, దాంతో ముద్ద ఒకచోట జిగురుగా, ఒకచోట పొడిపొడిగా ఉంటుంది. నానిన గింజ లోపలే మెత్తబడి ఉంటుంది కాబట్టి పెద్ద ఒత్తిడి లేకుండానే సన్నగా నలుగుతుంది, రేణువులు చాలావరకు చెక్కుచెదరవు. గోధుమలో ఉండే సాగుడు గుణం బియ్యంలో లేదు. సకినపు తీగను పట్టి ఉంచేది ఆ సన్నదనం, ఆ చెమ్మ, ఆ మెలిక. ఈ మూడే.

పిండిలో ఉప్పు, నువ్వులు, ఓమ వేసి, నీళ్ళు చిలకరిస్తూ కలుపుతారు. మొత్తం ఒకేసారి కలపరు. గంటసేపటికి సరిపడా కలిపి, మిగతాది తడిగుడ్డ కింద అదిమి ఉంచుతారు. చాలా ఇళ్ళలో మొదటి ముద్దతో చిన్న గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, గుడ్డ మూలన కూర్చోబెట్టాకే చుట్టడం మొదలుపెడతారు.

గుడ్డ అంటే పాత నూలు ధోవతి, ఉతికి ఆరేసినది. పాలిస్టర్ పనికిరాదు. పచ్చి సకినంలోని నీటిని కిందినుంచి పీల్చుకోవాల్సింది ఆ నూలే. నిమ్మకాయంత ముద్దను అరచేతిలో పెట్టుకుని, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిపి నలుపుతూ పోతుంటే వేళ్ళ కిందినుంచి తీగ దిగుతుంది. దిగుతూనే మెలి తిరుగుతుంది. మొదట రూపాయి బిళ్ళంత వలయం, దాని చుట్టూ ఇంకొకటి, ఇంకొకటి. మామూలుగా మూడు నాలుగు చుట్లు. చుట్టుకూ చుట్టుకూ మధ్య సందుంటే ఎత్తేటప్పుడు విరుగుతుంది. అదిమి అంటిస్తే లోపలి చుట్టు కాలదు, మెత్తగా మిగులుతుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు తోడికోడళ్ళలా ఆనీ ఆననట్టుండాలని మా ఇంట్లో అనేవాళ్ళు. ఆ పోలిక ఎవరిని ఉద్దేశించిందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

మెలిక అందానికే అనుకునేవాణ్ణి. నున్నటి తీగ చేసి చూశాక తెలిసింది. మెలితిప్పని తీగ ఆరేటప్పుడే బీటలిస్తుంది. తిప్పినది తాడులా తనను తాను బిగించుకుంటుంది. పైగా ఆ గాట్ల వల్ల నూనె తగిలే మేర పెరుగుతుంది, సమంగా కాలుతుంది. తమిళులు చేతితో చుట్టే కై మురుక్కులోనూ ఇదే మెలిక. వాళ్ళు బియ్యప్పిండికి మినప్పిండి కలుపుతారు, పెళ్ళిళ్ళలో ఎన్ని చుట్లన్నదాన్ని బట్టి గొప్ప చెప్పుకుంటారు. మన సకినంలో పప్పు పడదు. అందుకే అది ఇంకా పెళుసు, చుట్టడం ఇంకా కష్టం.

చుట్టినవి అరగంట, గంట గుడ్డ మీద ఆరాలి. పళ్ళెం అంచు కిందికి పోనిస్తే వంగకుండా జరిగి వచ్చిందంటే సిద్ధమైనట్టు. మరీ ఆరితే పగుళ్ళు. నూనె బాగా కాగాక మంట మధ్యస్థంగా పెట్టి, పళ్ళెం మీదినుంచి కడాయిలోకి జారవిడుస్తారు. వెంటనే గంటె పెట్టకూడదు. గట్టిపడేదాకా చూస్తూ కూర్చోవడమే పని. చుట్టూ బుడగలు లేస్తాయి. అవి నూనె బుడగలు కావు, సకినంలోని నీరు ఆవిరై బయటికి తోసుకొస్తున్నది. ఆ తోపుడు బలంగా ఉన్నంతసేపు నూనె లోపలికి పోలేదు. మంట తక్కువైతే ఆవిరికి బలం చాలదు, సకినం నూనె తాగుతుంది. బుడగలు సన్నగిల్లి, చప్పుడు తగ్గిందంటే నీరు అయిపోయినట్టు. పెద్దమ్మ చూసేది కాదు, వినేది. పక్కింటావిడతో కోడలి సంగతి మాట్లాడుతూనే, వెనక్కి తిరక్కుండా "తియ్యిగ" అనేది.

తీశాక ఇంకో మెళకువ ఉంది. వేపుడు నూనె తాగేది ఎక్కువగా కడాయిలో కాదు, బయటికి వచ్చి చల్లారేటప్పుడు. లోపలి ఆవిరి చల్లబడి ఖాళీ ఏర్పడితే, ఒంటికి అంటుకున్న నూనెను ఆ ఖాళీ లోపలికి లాక్కుంటుంది. అందుకే జల్లిగంటెలో వేడిమీదే ఓడ్చాలి, తర్వాత తట్టలో నిలువుగా ఆనించాలి. ఒకదాని మీద ఒకటి పేర్చి గిన్నెలో పడేస్తే నూనె ఖర్చూ పెరుగుతుంది, రుచీ పోతుంది. రంగు మాత్రం ఎర్రబడకూడదు. మా వైపు ఎర్ర సకినం చూస్తే, మంట దగ్గర కూర్చున్నదెవరని అడుగుతారు.

పెళ్ళయిన కూతురి మొదటి పండుగకు ఈ సకినాలే అత్తవారింటికి గంపలకొద్దీ పోతాయి. వాళ్ళు తినడానికే కాదు, వాళ్ళ చుట్టాలకూ వాడకట్టుకూ పంచడానికి. పంచేవి కాబట్టి లెక్కపెడతారు, ఎవరింటి సకినం పల్చన, ఎవరింటిది మందమని మాట్లాడుకుంటారు. కొత్త వియ్యంకుల పరువు కొన్నాళ్ళపాటు ఆ గంపలోనే ఉంటుంది. ఇది నాకు నచ్చే సంగతి కాదు. చవకగా నలుగురికి పెట్టే వంటను పట్టుకుని ఆడపిల్ల తండ్రి మీద బరువు వెయ్యడం మనకే చెల్లింది.

నచ్చనిది ఇంకొకటీ ఉంది. పైన చెప్పిన బదుళ్ళ ముచ్చటలో చేతులన్నీ ఆడవాళ్ళవే. పొద్దున ఏడుకు కూర్చుంటే నడుములు ఎత్తేసరికి దీపాల వేళ. మధ్యలో లేచి మగవాళ్ళకు అన్నాలు పెట్టి మళ్ళీ వచ్చి కూర్చునేవారు. ఆ గంటలకు ధర కట్టలేదు కాబట్టే సకినం చవకైంది. ఈ రోజున కరీంనగర్‌లోనూ వరంగల్‌లోనూ ఆర్డర్ల మీద సకినాలు చేసి అమ్మే ఆడవాళ్ళున్నారు. వాళ్ళ పొట్లాలు కొరియర్‌లో అమెరికా దాకా పోతున్నాయి. వాళ్ళ దగ్గర నేను బేరమాడను. వేలి మెలికకు ఇన్నాళ్ళకు ధర పలికింది.

ఇంట్లో నలుగురికి పెట్టాలంటే మాత్రం నాకు తెలిసిన దారి ఒకటే. వచ్చే నలుగురినీ ఒక పూట ముందే పిలవడం. పోయినేడు మా అపార్ట్‌మెంట్‌లో ఐదిళ్ళవాళ్ళం అదే చేశాం. నాలుగు కిలోల బియ్యం, ఐదిళ్ళ పాత ధోవతులు, పిల్లల ఆటగదిలో నేల. షరతు ఒకటే పెట్టాం, మగవాళ్ళూ గుడ్డ దగ్గర కూర్చోవాలని. విజయవాడ నుంచి వచ్చినాయన ఒకరు మొదటి గంటంతా తెగిన తీగలే చుట్టారు. "మాకు జంతికల గొట్టం ఉందండీ, ఈ యాతన లేదు" అని విసుక్కున్నారు. మధ్యాహ్నానికి ఆయనవే అందరికంటే గుండ్రంగా వచ్చాయి, ఇక ఎవరు పిలిచినా లేవలేదు. వంకరపోయినవన్నీ పిల్లలు అప్పటికప్పుడు తినేశారు. పార్టీకని వేరే పెట్టుకున్న సాయంత్రం ఉత్త లాంఛనమైపోయింది, ఎందుకంటే మాట్లాడుకోవాల్సినవన్నీ గుడ్డ చుట్టూనే అయిపోయాయి.

ఎంత లెక్కగా కలిపినా చివర ఓ రెండు గిన్నెల తడిపిండి మిగులుతుంది. చుట్టడానికి ఎవరికీ ఓపిక ఉండదు, దాచడానికి వీల్లేదు. దానికి సర్వపిండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, నానిన శనగపప్పు, కాసిన్ని పల్లీలు వేసి కలిపి, గుండ్రటి అడుగున్న గిన్నెలో లోపలివైపు పల్చగా తడతారు. వేలితో అక్కడక్కడ చిల్లులు పొడిచి, చిల్లుకు రెండు చుక్కల నూనె వేసి, మూత పెట్టి సన్న సెగ మీద ఉంచుతారు. ఒకటి దించాక రెండోది తట్టాలంటే గిన్నె చల్లారాలి, లేకపోతే చెయ్యి కాలుతుంది, పిండీ అంటదు.

ఆ రోజు రాత్రి ఎనిమిదింటికి పక్కింటి అత్తమ్మ కాలిన గిన్నెను గుడ్డతో పట్టుకుని కుళాయి కింద బోర్లించింది. సుయ్యిమని ఆవిరి లేచింది. "ఇంకెంతమందున్నరు?" అని లోపలినుంచే అడిగింది. మేం తొమ్మిదిమందిమి నడుములు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాం.