కుర్చీలో మనవాడుంటే చాలునా?

యూనివర్సిటీల్లో మన పిల్లలకు అన్యాయం జరిగినప్పుడల్లా కౌమ్ పెద్దలు ఒకటే మందు చెబుతారు: పై కుర్చీలో మనవాడు లేడు కాబట్టే ఇదంతా అని. ప్రాతినిధ్యం కావాలి. అందులో మాకు తగవు లేదు. కానీ ఆ ఒక్క మందుతో ఈ రోగం కుదురుతుందా? గత పదేళ్ల అనుభవం కుదరదనే చెబుతోంది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీనే తీసుకుందాం. రోహిత్ వేముల పేరు అందరికీ తెలుసు. ఆ గొడవ ఎక్కడ మొదలైందో మనలో చాలామందికి గుర్తు లేదు. 2013 ముజఫర్‌నగర్ మారణకాండపై తీసిన 'ముజఫర్‌నగర్ బాకీ హై' డాక్యుమెంటరీ ప్రదర్శనను 2015 ఆగస్టులో ఢిల్లీలో ఏబీవీపీ అడ్డుకుంది. దానిమీద ఇక్కడ నిరసన తెలిపింది అంబేద్కర్ విద్యార్థి సంఘం. అంటే చచ్చిన ముస్లింల తరఫున దళిత బిడ్డలు నోరు విప్పారు. తర్వాత తగాదా, ఫిర్యాదు, కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ లేఖ, ఢిల్లీ శాఖ నుంచి యూనివర్సిటీకి వరసగా ఐదు ఉత్తరాలు. మొదట హెచ్చరికతో ముగిసిన వ్యవహారం ఐదుగురిని హాస్టల్ నుంచి వెలివేసేదాకా పోయింది. ఢిల్లీ ఉత్తరాలకు అంతగా కదిలిన కార్యాలయం, డిసెంబర్‌లో రోహిత్ వీసీకి రాసుకున్న ఉత్తరానికి కదల్లేదు. 2016 జనవరి 17న రోహిత్ మనకు లేకుండా పోయాడు.

సెలవుపై వెళ్లిన వీసీ అప్పారావు మార్చి 22న తిరిగొచ్చారు. ఆ రోజు క్యాంపస్‌లో లాఠీలు లేచాయి. విద్యార్థులతో పాటు ఇద్దరు అధ్యాపకులు అరెస్టయ్యారు. మెస్సులు మూతపడ్డాయి, నీళ్లు ఆగిపోయాయి. మరుసటి ఏడు జనవరిలో తిరుపతి సైన్స్ కాంగ్రెస్‌లో ప్రధాని చేతుల మీదుగా ఆ వీసీకే సత్కారం!

ఆయన మనవాడు కాదు కదా అంటారా? సరే, 2019 డిసెంబర్ 15 రాత్రికి రండి. పౌరసత్వ చట్టంపై నిరసనలు సాగుతున్నాయి. జామియా మిలియాలో పోలీసులు లైబ్రరీలోకి చొరబడి చదువుకునే పిల్లల్ని కొట్టారు. ఒకడి కన్ను పోయింది. అనుమతి లేకుండా వచ్చారని వీసీ నజ్మా అఖ్తర్ బాహాటంగా చెప్పారు. అదే రాత్రి అలీగఢ్‌లో పోలీసుల్ని పిలిచింది యూనివర్సిటీయే. ఒక పరిశోధక విద్యార్థి చెయ్యి పోయింది. అక్కడి వీసీ తారిఖ్ మన్సూర్. 2023లో ఆయన ఉత్తరప్రదేశ్ శాసనమండలికి నామినేట్ అయ్యారు. అదే ఏడాది బీజేపీ జాతీయ ఉపాధ్యక్షుడయ్యారు.

ఇద్దరూ ముస్లింలే. ఇద్దరినీ నియమించింది ఒకే ఢిల్లీ. నజ్మా అఖ్తర్‌ను ఆకాశానికెత్తడం మా ఉద్దేశం కాదు. ఆ మాట తర్వాత జామియా పిల్లలకు దక్కిన న్యాయం ఏపాటి? మేం చెప్పేదల్లా ఒకటే. అలీగఢ్‌లో పేర్ల జాబితా యూనివర్సిటీ మండలులే తయారు చేస్తాయి, కానీ చివరి టిక్కు ఢిల్లీది. కుర్చీ ఇచ్చేదీ, దిగాక పదవి ఇచ్చేదీ పైవాడే అయినప్పుడు, కింద దెబ్బలు తినే విద్యార్థికి జవాబు చెప్పాల్సిన అవసరం ఏ వీసీకి ఉంటుంది? పైకి జీ హుజూర్, కిందికి హుకుం. విషపు పెత్తనమంటే ఇదే. దీనికి మతం లేదు.

ఇక మన ఇంట్లోకి చూద్దాం. రాజ్యాంగం 30వ అధికరణ కింద మనం నడుపుకునే కాలేజీలున్నాయి. వాటిలో ఎన్నిట్లో సెక్రటరీ సాబ్ ముందు లెక్చరర్ కుర్చీలో కూర్చోగలడు? ఎన్నిట్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఫీజు బాకీ పేరుతో బీరువాలో మగ్గుతున్నాయి? తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత అల్లుడు. దూదేకుల ఇంటి పిల్లాడు గానీ, ఆడపిల్ల గానీ పాలకమండలి గడప తొక్కిందెప్పుడు? 30వ అధికరణ కౌమ్‌కిచ్చిన హక్కు, ఖాందాన్‌కిచ్చిన జాగీరు కాదు.

అందుకే పాలకమండలిలో అధ్యాపకులకు, విద్యార్థులకు చోటు కావాలంటున్నాం. విచారణ లేకుండా ఎవరినీ వెలివేయకూడదు. పోలీసుల్ని ఎవరు పిలిచారో, ఎందుకు పిలిచారో కాగితం మీద ఉండాలి. ఇవి ముందు మన కాలేజీల్లో అమలు కావాలి. అప్పుడే ఢిల్లీని అడిగే నోరు మనకుంటుంది. ముజఫర్‌నగర్ కోసం నోరు విప్పి వెలివాడలో కూర్చున్న ఆ బిడ్డల బాకీ మన మీద ఇంకా ఉంది.