వియోగమును కూర్చు విద్య

నాయికానాయకులను కలుపుట ఏ కథకునకైనను సులభమే. వారిని కలియనీయక, కలియుదురన్న ఆశను మాత్రము చల్లారనీయక, కథను తుదిదాఁక నడపుట దుష్కరము. 2001లో ప్లేస్టేషన్ 2 పై వెలువడిన 'ఫైనల్ ఫాంటసీ టెన్' అను జపాను వీడియో గేమునకు కథ కూర్చిన కజుషిగె నొజిమా ఈ విద్యలో ఆరితేరిన శిల్పి.

యూనా, లోకమును పీడించు 'సిన్' అను మహాభూతమును అణఁచుటకై తీర్థయాత్ర సాగించు కన్య. టీడస్, ఆమెను కాచు యువకుఁడు. యాత్ర ఫలించినచో యూనా ప్రాణము పోవునని తోడివారు ఎఱిఁగియు అతనికిఁ జెప్పరు. కావున అతఁడు ఉత్సాహముతో వేసిన ప్రతి యడుగును ఆమెను మృత్యువునకే చేరువ చేయుచుండును. నడుమ సీమోర్ అను మఱియొకనితో యూనా వివాహము అడ్డుపడును. మకలానియా వనమునందలి కొలనులో ఒక్క చుంబనము మాత్రము యూనా టీడస్‌లకు దక్కును. ఆమెను బ్రతికించు మార్గము తుదకు దొరకఁగా, అదియే టీడస్‌ను మాయము చేయును. ఏలయన అతఁడు స్వప్నమునుండి పుట్టిన రూపము. గగననౌకపై యూనా అతనిని కౌఁగిలింపఁ బరుగెత్తి, అతని దేహముగుండ సాగి నేలఁబడును. లేచి, వెనుదిరిగి చూడకయే తన మనసులోని మాటను పలుకును. అతఁడు వెనుకనుండి చేతులు చుట్టును.

ఈ విఘ్నములలో ముఖ్యమైనవి ఆ కల్పితలోకపు ధర్మమునుండియే ఉద్భవించినవి గావున మనకు కృతకముగాఁ దోఁపవు. పైఁగా ఆ యెడఁబాటునకు దారితీయు యుద్ధమును ఆటగాఁడు స్వహస్తములతోనే గెలువవలసియుండుట ఈ ప్రక్రియకే చెల్లిన శక్తి. విప్రలంభశృంగారమును ఆస్వాదింప నేర్చిన తెలుఁగు పాఠకులు దీనిని బాలుర వేడుకయని త్రోసిపుచ్చక, కావ్యమునకిచ్చు శ్రద్ధతోనే పరికింపవలెను.