వస్త్రసాక్ష్యము

ప్రదర్శనశాలలయందు వస్త్రములను జూపు పద్ధతి సామాన్యముగా నొక్కటియే. అద్దకపు రంగును, నూలు సన్నదనమును, నేతగాని నేర్పును వర్ణించి వివరణఫలకము ముగియును. ఆ వస్త్రమును దేనికి మాఱుగా నిచ్చిరను ప్రశ్నకు దానియందు దావుండదు. అందమును జూపి వెలను దాచుట చరిత్రలో సగమును దాచుటయే.

ఈ లోపము తెలుగుతీరమునకు సంబంధింపనిది కాదు. 17వ శతాబ్దపు తుదిభాగమున ఆంగ్లవర్తకులు విశాఖపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. డచ్చివారు భీమునిపట్టణమున వ్యాపారము సాగించిరి. ఇరువురకును ముఖ్యమైన సరకు నూలుబట్టయే. ఉత్తరసర్కారులలో దాని తరమును పుంజముల లెక్కను నిర్ణయించెడివారు. నరసాపురముచెంతనున్న మాధవాయపాలెముపేరు ఐరోపాలో నొక బట్టకు బేరయ్యెను. కోరమండలతీరపు బట్టలలో గినీబట్ట యనునది పశ్చిమాఫ్రికాయందు మనుష్యులను గొనుటకు వెలగా జెల్లెను. మగ్గముకడ గూర్చున్నవానికి దీని నెఱుగు మార్గము లేదు. వానిపై దోషము లేదు. ఎఱిగియు జెప్పని ఫలకముపై దోషము గలదు.

దీనికి భిన్నమైన దృష్టాంతము అమెరికాలో గలదు. హారియెట్ పవర్సు 1837వ సంవత్సరమున జార్జియాలో దాసిగా జన్మించిన నీగ్రోస్త్రీ. ఆమె బట్టముక్కలను గత్తిరించి కుట్టి, బైబిలుకథలను 11 గడులలో జూపిన బొంత నేడు స్మిత్సోనియను సంస్థలో నున్నది. లేమిచే 1891వ సంవత్సరమున దానిని 5 డాలర్లకు విక్రయించుచు, ఆమె యొక్కొక్క గడి యర్థమును జెప్పగా, కొన్న యువతి వ్రాసియుంచెను. బట్టయు మాటయు గలిసి నిలుచుటచేతనే యా బొంత సాక్ష్యము చెప్పుచున్నది. మాట పోయియుండినచో నది చక్కని పాతబట్టగా మాత్రమే మిగిలెడిది.

తెలుగువారి విషయమున నీ రెండును వేఱుపడినవి. మారిషసులో 1835వ సంవత్సరమున దాస్యము రద్దుకాగా, చెఱకుతోటలకు హిందూదేశపు కూలీలను ఒప్పందముపై గొనిపోయిరి. వారు దిగిన పోర్టులూయీలోని ఆప్రవాసీఘాట్ 2006వ సంవత్సరమున ప్రపంచవారసత్వస్థలమయ్యెను. మదరాసునుండి బయలుదేఱిన ట్రూరో యను నోడ 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన నేటాలులోని డర్బను చేరెను. నేటాలు నోడల పట్టికలలో కూలీల పేరు, తండ్రిపేరు, వయస్సు, గ్రామము, జిల్లా వ్రాయబడినవి. విశాఖపట్టణము జిల్లావారును వానిలో నున్నారు. ఒప్పందపు కూలి దాస్యముతో సమానమని చెప్పుట సరికాదు. కాని మారిషసులో దాసులు విడిచిన తోటలనే యది నింపెను.

ఇట్లు బట్ట పేరులేక మిగిలినది. పేరు మాటలేక మిగిలినది. విశాఖపట్టణ సముద్రతీరమున పాత డచ్చిబంగళాలో 1991వ సంవత్సరమున నెలకొన్న విశాఖ మ్యూజియమువంటి చోట, ఒక పుంజముబట్టయు నోడపట్టికలోని యొక పుటయు బ్రక్కప్రక్కల నుంచి, బట్ట యెచ్చటికి బోయెనో, మనిషి యెచ్చటికి బోయెనో తెలుగున వ్రాసిన జాలును. నేతపని మహిమ దానిచే దగ్గదు. ఆ నేర్పునకు లోకము కట్టిన వెల మాత్రము తెలియును.