చిన్నదాని చేతికిచ్చిన దీపము

యూదుల హనుక్కా పండుగ మనకు బొత్తిగా క్రొత్తది కాదు. యోహాను సువార్త పదియవ అధ్యాయములో, చలికాలమందు యెరూషలేములో జరిగినట్లు చెప్పబడిన ఆలయ ప్రతిష్ఠ పండుగ ఇదియే. క్రీ.పూ. 164లో యూదా మక్కబీ దేవాలయమును శుద్ధిచేయించి తిరిగి ప్రతిష్ఠించిన దానికి జ్ఞాపకముగా యూదులు ఎనిమిది రాత్రులు దీపములు వెలిగింతురు.

ఈ పండుగను గూర్చి ఎమిలీ జెంకిన్స్ వ్రాయగా పాల్ జెలిన్‌స్కీ బొమ్మలు వేసిన "ఆల్ ఆఫ్ ఎ కైండ్ ఫ్యామిలీ హనుక్కా" అను పిల్లల పుస్తకము 2018లో అమెరికాలో వెలువడెను. 1951లో సిడ్నీ టేలర్ ప్రకటించిన నవలలోని కుటుంబమే ఇందున్నది. కాలము 1912, స్థలము న్యూయార్కులో వలస వచ్చిన యూదులు కిక్కిరిసి కాపురముండిన లోయర్ ఈస్ట్ సైడ్.

కథ స్వల్పము. తల్లి బంగాళాదుంప అట్లు వేయుచున్నది. దుంపలు చెక్కుటకును తురుముటకును అక్కలున్నారు. నాలుగేండ్ల గెర్టీ తానును చేసెదననగా, నీవు చిన్నదానవు, వద్దనిరి. పిల్ల రోషపడి, అల్లరిచేసి, మంచము క్రింద దూరెను. ఇంటికి వచ్చిన తండ్రి ఆమెను కనుగొని, మొదటి దీపము వెలిగించు పనిలో ఆమెకు పాలు ఇచ్చెను.

ఇందులో మక్కబీయుల యుద్ధమేది, దేవాలయమేది అని కొందరడుగవచ్చును. అడుగదగినదే. దీపమెందుకో ఎరుగని బిడ్డకు అట్ల రుచియే మిగులును; ఆ కొరతను చదివి వినిపించు పెద్దలు తీర్చవలెను. అయినను రచయిత్రి నీతిబోధకు దిగకుండుట మేలైనది. కాగుచున్న నూనె యొద్దకు పసిదానిని రానీయని తల్లి దోషి కాదు; ఆమెది ప్రేమయే. ప్రేమవలన కలిగిన నొప్పియు నొప్పియే. పిల్ల అలుకను చూచి ఈ పుస్తకము నవ్వదు. దీని గొప్పతనమంతయు అక్కడనే యున్నది.

దీనిని "యూదుల క్రిస్మస్" అని చదువరాదు. అది వారి పండుగ, వారి చరిత్ర. అయితే ఇది అడుగు ప్రశ్న మనకును తగులును. పండుగ దినమున మన పిల్లలకు క్రొత్త బట్టలు తొడిగి, పిండివంటలు పెట్టుదుము. వారు చేయనిదే పండుగ సాగని పని యొక్కటైనను వారి చేతికిచ్చితిమా? తినిపించిన పండుగను బిడ్డ మరచును. తాను జరిపిన పండుగను తన బిడ్డలకు అప్పగించును.