పేరు కాదు, పోత చూడాలి

పాత బుల్లెట్ కొన్నవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఇందులో ఒరిజినల్ ఎంత?" జవాబు చెప్పాలంటే ఆ బండి ముందు ఒక పూట కూర్చోవాలి. చాలామంది పార్టుల మీద కంపెనీల పేర్లు వెతుకుతారు. లూకాస్ అని ఉందా, అమల్ అని ఉందా, స్మిత్స్ అని ఉందా అని. కనిపిస్తే తృప్తిపడి లేస్తారు. నేను మాత్రం పేరును ఆఖరున చూస్తాను. అక్షరాలు అచ్చుపోయడం ఎవరైనా చేయగలరు. ఆ పార్టు ఏ పద్ధతిలో తయారైందో ఆ ఆనవాలు దాచడమే కష్టం.

అసలు ఏ బండికి ఏది ఒరిజినల్? బుల్లెట్ 350 పుట్టింది ఇంగ్లండులోని రెడిచ్‌లో. 1955లో ఆ రెడిచ్ కంపెనీ మద్రాస్ మోటార్స్‌తో కలవడంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు తిరువొత్తియూరులో మొదట రెడిచ్ నుంచి సామాను తెప్పించి బిగించేవారు, తర్వాత క్రమంగా అంతా ఇక్కడే తయారుచేశారు. కాబట్టి 1957 నాటి బండికి రెడిచ్ పార్టు సొంతం, ఆ తర్వాతి తరం బండికి మద్రాసు పార్టు సొంతం. విదేశం నుంచి వేలు పోసి తెప్పించిన అమల్ కార్బొరేటరును 1980ల బుల్లెట్‌కి బిగించి "అంతా ఒరిజినల్" అని చూపిస్తుంటారు. అది అసలైన పార్టే, ఆ బండికి మాత్రం పరాయిది. దానికి ఉండాల్సింది ఇక్కడి మిక్‌కార్బ్ కార్బొరేటరు. ఇక్కడ తయారైన పార్టును తక్కువగా చూసే ఈ అలవాటు నాకు బాధ కలిగిస్తుంది.

తేదీలు మంచి సాక్షులు. పాత లూకాస్ కంపెనీ తన డైనమోల మీద, రెగ్యులేటర్ల మీద నెల, సంవత్సరం గుద్దేది. 3 54 అని ఉంటే 1954 మార్చి. బండి తయారైన తేదీకి కొన్ని నెలల ముందుది అయితే నమ్మవచ్చు. బండి కంటే తర్వాతిది అయితే అది నకిలీ అని కాదు, మధ్యలో ఎప్పుడో మార్చినదని అర్థం. అలాగే లూకాస్-టీవీఎస్ అన్న పేరున్న పార్టు 1950ల బండికి ఫ్యాక్టరీలో ఎక్కి ఉండే వీలే లేదు. ఆ సంస్థ మొదలైందే 1961లో.

ఇక పోత సంగతి. పాత పార్టునే నమూనాగా పెట్టి ఇసుకలో అచ్చు తీసి అల్యూమినియం పోస్తే, చల్లారేటప్పుడు లోహం నూటికి సుమారు 1.3 వంతు కుంచించుకుంటుంది. 150 మిల్లీమీటర్ల కవరు దాదాపు రెండు మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. ఫ్యాక్టరీలో నమూనా చేసేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకుని దాన్ని ఆ మేరకు పెద్దదిగా చేస్తారు. పార్టుకు నకలు తీసేవాడికి ఆ అవకాశం లేదు. జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు, నకలుకు నకలు తీసేకొద్దీ పార్టు మరింత చిన్నదవుతుంది, అక్షరాల అంచులు మొద్దుబారతాయి. అందుకే నా పెట్టెలో వెర్నియర్ కాలిపర్ ఎప్పుడూ ఉంటుంది. అది లేకపోయినా స్క్రూ రంధ్రాలు చూడండి. కొలత తగ్గిన కవరు ఇంజన్ కేసు మీద సరిగ్గా కూర్చోదు గనక, రంధ్రాలను ఆకురాయితో కోలగా సాగదీసి ఉంటారు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ నాతో అన్న మాట ఇది: "పేరు ఎందుకు చూస్తావు బాబూ? బోల్టు పెట్టే చోట చూడు, వాడు ఎంత కష్టపడ్డాడో తెలుస్తుంది."

చేతిలో బరువు కూడా చెబుతుంది. పాత అమల్ మోనోబ్లాక్ కార్బొరేటర్ల శరీరం జింకు మిశ్రమం. అల్యూమినియం కంటే అది రెట్టింపుకు పైగా బరువు. స్పీడోమీటరు సంగతైతే బండి నడిపితేనే తేలుతుంది. రెడిచ్ నుంచి వచ్చిన 1950ల బళ్ళలోని స్మిత్స్ క్రోనోమెట్రిక్ మీటరులో గడియారం లాంటి యంత్రాంగం ఉంటుంది. ముల్లు జారుతూ పోదు, మెట్లు ఎక్కినట్టు ఆగి ఆగి కదులుతుంది. పైన డయల్ ఎంత పాతగా ఉన్నా ముల్లు మెత్తగా జారుతుంటే లోపలి యంత్రం మారిందన్నమాట.

బోల్టులను ఎవరూ పట్టించుకోరు, నష్టం ఎక్కువ జరిగేది అక్కడే. ఈ బండిలో చాలా చోట్ల బ్రిటిష్ సైకిల్ త్రెడ్డు ఉంటుంది, అంగుళానికి 26 చుట్లు. మార్కెట్లో దొరికే మెట్రిక్ బోల్టు రెండు మూడు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. స్పానరుతో బలవంతం చేస్తే కేసులోని త్రెడ్డు తెగిపోతుంది. అంటే పది రూపాయల బోల్టు కోసం, మళ్ళీ దొరకని పార్టును పాడుచేసుకుంటాం.

రంగు విషయంలో తొందర పడకండి. గీకించే ముందు హెడ్‌ల్యాంపు లోపల, టూల్‌బాక్సు అడుగున, ట్యాంకు కింద చూస్తే తొలి రంగు దొరకవచ్చు. మిలటరీ వేలంలో వచ్చిన బండి అయితే పైపొరల కింద ఆకుపచ్చ కనిపించవచ్చు. మద్రాసు బుల్లెట్ ట్యాంకు మీది బంగారు గీత చేత్తో గీసినది. కుంచె ఆనిన చోట, ఎత్తిన చోట గీత మందం కొంచెం మారుతుంది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే మందం ఉంటే అది స్టిక్కరు. అలాంటి చేతిగీత ఇంకా మిగిలి ఉన్న ట్యాంకును, సొట్టలున్నా సరే, తిరిగి పెయింటింగుకు ఇవ్వవద్దనే నేను చెబుతాను.

కొత్తగా చేసిన పార్టులంటే నాకు ద్వేషం లేదు. ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని పార్టుల దుకాణాలే లేకపోతే ఈ దేశంలో సగం పాత బుల్లెట్లు రోడ్డెక్కేవి కావు. టైర్లు, బ్రేకు షూలు, కేబుళ్ళు, పెట్రోలు పైపులు కొత్తవే వేయాలి. ప్రాణం మీదికి వచ్చే చోట పాతదనానికి విలువ లేదు. అమల్ కార్బొరేటర్లు ఇంగ్లండులో హక్కులున్న సంస్థ చేతుల్లో ఇప్పటికీ తయారవుతున్నాయి. అవి కొత్తవే గానీ దొంగవి కావు. తప్పల్లా కొత్తదాన్ని ఆమ్లంలో ముంచి, తుప్పు పట్టించి, పాత నంబరు గుద్ది పాతదిగా అమ్మడంలో ఉంది. ఇంజన్ నంబరు గుద్దిన చోట పోత గరుకు పోయి నున్నగా రుద్దిన జాడ కనిపిస్తే, ఆ బండి దగ్గర బేరం ఆపేయండి.

బండి ఒరిజినల్‌గా ఉండటం ముచ్చటకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మార్చి, 50 ఏళ్ళు దాటిన బళ్ళకు వీఏ సిరీస్‌తో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చారు. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారి ఉండకూడదు అన్నది అందులో షరతు.

పార్టులు పోతపోసే వాళ్ళకు నా విన్నపం ఒకటి: లోపలి వైపు, బయటికి కనిపించని చోట, మీ పేరు, తయారైన సంవత్సరం వేయండి. బండి బాగుచేయించుకునే వాళ్ళు మెకానిక్ మార్చిన ప్రతి పాత పార్టునూ అడిగి తీసుకోండి, చీటీ కట్టి సంచిలో దాచండి. బండి అమ్మే రోజున ఆ సంచిని కూడా కొన్నవాళ్ళ చేతికి ఇవ్వండి.